రెండు లీటర్ల బండి

పాతలంక మిషన్ డిస్పెన్సరీ,
మోపిదేవి దగ్గర.
9 జనవరి 1974

తమ్ముడు ఏసుపాదానికి,

మీరంతా క్షేమమని తలుస్తాను. నేను క్షేమమే గాని చాలా కోపంగా ఉన్నాను.

నిన్న మిషన్ కమిటీ కూర్చుంది. పెట్రోలు రేటు దాదాపు రెట్టింపయింది కాబట్టి ఏప్రిల్ ఒకటి నుంచి మా జీపును షెడ్డులో పెట్టేస్తారట. నా గురువారం రౌండు నీకు తెలుసుగా. కాలువ గట్టు వెంబడి ఐదు పల్లెలు చుట్టి రావాలి, మొత్తం నలభై ఆరు కిలోమీటర్లు. పదకొండేళ్లుగా ఒక్క వారం తప్పలేదు. ఇక మీదట నర్సు (అంటే నేనే) డిస్పెన్సరీలోనే కూర్చుంటుంది, కావలసినవాళ్లే వస్తారు అన్నారు. నెలలు నిండిన మనిషి చివరి పల్లె నుంచి తొమ్మిది కిలోమీటర్లు ఆ గతుకుల్లో ఎలా వస్తుందండీ అని అడిగాను. పోయినేడు అదే పల్లెలో ఎదురుకాళ్లతో బిడ్డ పుట్టింది. ఆ రోజు గురువారం కాబట్టి తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు.

సెక్రటరీ సొలొమోను గారు చెడ్డమనిషి కాదు. రిటైరైన హెడ్మాస్టరు. లెక్క తేలకపోతే ఆయనకు అన్నం సయించదు. “సంపూర్ణమ్మా, జీపు ప్రతి వారం ఆరు లీటర్లు తాగుతోంది. మనకు రెండు లీటర్లకు మించి తాహతు లేదు. రెండు లీటర్లలో ఐదు పల్లెలూ తిరిగే బండి ఉంటే చూపించు. జూలై ఆఖరుదాకా ఆగుతాను” అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. “మా తమ్ముడు బెజవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కడతాడు, వాడు చేసిస్తాడు” అనేశాను. ఆయన మినిట్స్ బుక్కులో రాసేసుకున్నారు కూడా.

ఇప్పుడు చెప్పు. అలాంటి బండి లోకంలో ఉందా? లేకపోతే చేసే వీలుందా? అక్క నోరు జారింది కదా అని మొహమాటపడి అవునని మాత్రం రాయకు.

నీ అక్క,
సంపూర్ణమ్మ

*

ఆటోనగర్, బెజవాడ.
20 జనవరి 1974

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం షాపులో పైకి చదివితే మరియదాసు వెల్డింగు ఆపి మరీ నవ్వాడు. నా దగ్గర పన్నెండేళ్లుగా చేస్తున్నాడు గాని వాడలా నవ్వగా ఎప్పుడూ చూడలేదు. “అమ్మగారు కమిటీలో మాటిచ్చేశారా? అయితే అయిపోయినట్టే మేస్త్రీ” అన్నాడు. వాడి పిల్లలిద్దరూ నీ చేతుల మీద పుట్టినవాళ్లే కదా, నీ మాటంటే వాడికి బైబిలు వాక్యం.

అక్కా, నేను పది టన్నులు మోసే లారీలకు టేకు దూలాలూ ఇనప పట్టీలూ బిగించేవాణ్ణి. కారు కట్టమంటే గోడ కట్టేవాడిని గాజులు చెయ్యమన్నట్టుంది. అయినా నాలుగు రోజుల నుంచి బుర్రలో ఇంకేమీ తిరగడం లేదు.

పత్రికలో ఒకటి చదివాను. పై దేశాల్లో హైడ్రోజన్ అనే వాయువుతో కార్లు నడిపి చూస్తున్నారట. ఆ వాయువు నీళ్లలోనే ఉంటుందట, కరెంటు పంపిస్తే బయటికొస్తుందట. కృష్ణ ఒడ్డున పుట్టి నీళ్లకు కరువా మనకి? వెంటనే ఒక జాడీలో నీళ్లు పోసి, గుప్పెడు ఉప్పు వేసి, పాత టార్చి బ్యాటరీల్లోంచి రెండు కార్బను కడ్డీలు పీకి లారీ బ్యాటరీకి తగిలించాను. రెండు కడ్డీల దగ్గరా బుడగలే బుడగలు! ఒకదాని మీద టానిక్కు సీసా బోర్లించి వాయువు పట్టి, మూతి దగ్గర అగ్గిపుల్ల గీశాను. టప్పుమంది. షాపు కుక్క మచిలీపట్నం రోడ్డు దాకా పరిగెత్తింది. నా ఎడమ కనుబొమ సగం పోయింది గాని, అక్కా, నిజం చెబుతున్నాను, చిన్నప్పుడు తప్ప ఇంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. మండిన తరవాత సీసా లోపల మళ్లీ నీటి చెమ్మే. పొగ లేదు, మసి లేదు.

ఒక్కటే తిప్పలు. షాపంతా ఏదో ఘాటు వాసన, అందరం దగ్గుతున్నాం. అదేమిటో అర్థం కాలేదు.

నీ తమ్ముడు,
ఏసుపాదం

*

పాతలంక,
3 ఫిబ్రవరి 1974

తమ్ముడూ,

ఆ ఘాటు వాసన క్లోరిన్. మేము నూతుల్లో వేసే బ్లీచింగ్ పౌడరు వాసన నీకు తెలియదూ? ఉప్పునీళ్లలో కరెంటు పంపిస్తే అదే పుడుతుంది. ఇంకాస్త పీలిస్తే మీ షాపు మొత్తాన్ని నా వార్డులో పడుకోబెట్టుకోవాలి. ఇంకోసారి చేస్తే ఉప్పు మానేసి చాకలి సోడా వెయ్యి, తలుపులు తీసి పెట్టు, అగ్గిపుల్లకు ఒక కర్ర కట్టు. మానెయ్యమని మాత్రం చెప్పను, ఎందుకంటే చదివిన దగ్గర్నుంచి నాకూ చూడాలనే ఉంది.

కాని లెక్క కట్టావా? చల్లపల్లి హైస్కూలు సైన్సు మాస్టారు మొన్న దగ్గుమందుకు వస్తే కూర్చోబెట్టి అడిగాను. ఒక లీటరు పెట్రోలు చేసే పనికి ఆ వాయువు దాదాపు మూడు వేల లీటర్లు కావాలట. మన రెండు లీటర్లకు ఆరు వేలు. అంటే ముప్పై పెద్ద డ్రమ్ములు. వాటిని బండి మీద కట్టుకుని నేను పల్లెలోకి దిగితే ఎవరిదో పెళ్లి అనుకుని విస్తళ్లు వేస్తారు. గట్టి సిలిండర్లలోకి కుక్కి ఇరికించే మిషన్లు పై దేశాల్లో ఉండొచ్చు, మనకు లేవు. పైగా ఆ బ్యాటరీని నింపే కరెంటు ఎక్కడిది? ఎక్కడో బొగ్గు కాలిస్తేనే కదా. మాస్టారు మటుకు “ఎప్పటికైనా ఇది జరుగుతుందమ్మా, మన మనవల నాటికి” అన్నారు. జరగనీ. నాకు జూలైకి కావాలి.

ఇంకో మాట. నేను యాభై రెండు కిలోలు. మందుల పెట్టె పద్దెనిమిది. నన్నూ నా పెట్టెనూ తిప్పడానికి ఆ జీపు తనను తాను ఎంత బరువు ఈడ్చుకుంటోంది? మేము రోజూ బరువులు తూచేవాళ్లం కాబట్టి అడుగుతున్నాను.

నీ అక్క,
సంపూర్ణమ్మ

*

ఆటోనగర్,
24 ఫిబ్రవరి 1974

అక్కకు వందనాలు.

నీ ప్రశ్న చదివి రెండు రోజులు పని చెయ్యలేకపోయాను. జీపు పన్నెండు వందల కిలోలు. నువ్వూ పెట్టే కలిపి డెబ్బై. అంటే పెట్రోలంతా జీపు కోసమే కాలుతోంది, నువ్వు ఊరికే ఎక్కి కూర్చున్నట్టు! ముప్పై ఏళ్ల నుంచి బళ్ల మధ్య బతుకుతున్నాను, ఒక్కనాడూ ఇలా ఆలోచించలేదు.

ఇంకొకటి దొరికింది. పాత లారీ డైనమో బాగు చేస్తూ పొరపాటున బ్యాటరీ వైర్లు దానికే తగిలించాను. ఎవరూ తిప్పకుండానే గిర్రున తిరిగింది. డైనమో అంటే కరెంటు ఇచ్చేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. తిప్పితే కరెంటిస్తుంది, కరెంటిస్తే తిరుగుతుంది! అప్పుడు తట్టింది. జీపుకు అంత పెద్ద ఇంజను దేనికి? గట్టు ఎక్కడానికి, నిలబడ్డ చోటు నుంచి కదలడానికి. మన చదును నేల మీద మిగతా దారంతా అందులో పదో వంతు చాలు. కాబట్టి చిన్న స్కూటరు ఇంజను పెడతాను. గట్టు ఎక్కేటప్పుడు మాత్రం లారీని స్టార్టు చేసే సెల్ఫ్ మోటారు బ్యాటరీతో ఒక తోపు తోస్తుంది. చదునులో పోతున్నప్పుడు డైనమో ఆ బ్యాటరీని మళ్లీ నింపుతుంది. పెట్రోలూ కరెంటూ జోడెడ్లన్నమాట.

ఆటోరిక్షా చాలదా అంటావేమో. మీ గట్టు మీద ఎద్దుబళ్ల గాడులు రెండు. మూడో చక్రం ఆ మధ్య మిట్ట మీద పడి బోల్తా కొడుతుంది. నాలుగు చక్రాలే ఉండాలి.

ఇక బరువు. నిన్న సిగ్గు విడిచి ఏలూరు కాలువ గట్టు మీద రిక్షాలు కట్టే వెంకటప్పయ్య గారి దగ్గరికి వెళ్లాను. “లారీ మేస్త్రి గారు ఇటొచ్చారేంటండీ, దారి తప్పారా?” అన్నాడు. ఇద్దరు మనుషుల్నీ, బియ్యం బస్తానూ మోసే రిక్షా ఎనభై కిలోలు దాటదట. ఎలాగయ్యా అంటే, “రిక్షాకు తొక్కేవాడి కాళ్లే ఇంజనండీ. కిలో ఎక్కువేశామా, సాయంత్రానికి మన ఏడు తరాల్నీ తిడతాడు. లారీ ఇంజను తిట్టదు గదండీ, అందుకే మీకు తెలీలేదు” అన్నాడు. నాకు కోపం రాలేదు, అక్కా. నిజమే కదా. ఆయన సన్న గొట్టాలతోనే ఫ్రేము, పైన అల్యూమినియం రేకు, టార్పాలిను టాపు. అంతా కలిపి రెండు వందల తొంభై కిలోల్లో తేల్చేస్తానని లెక్క కట్టాను.

నీ తమ్ముడు,
ఏసుపాదం

*

(కార్డు)

పాతలంక, 7 ఏప్రిల్ 1974

తమ్ముడూ, జీపు షెడ్డులోకి వెళ్లింది. ఈ గురువారం నడిచాను. రెండు పల్లెలే అయ్యాయి, పొద్దువాలింది. మూడో పల్లెవాళ్లు గట్టు మీద నిలబడి చూశారని తరవాత తెలిసింది. నా కాళ్ల సంగతి అడక్కు, బండి సంగతి రాయి. — సంపూర్ణమ్మ

*

ఆటోనగర్,
28 ఏప్రిల్ 1974

అక్కకు వందనాలు.

బండి అయింది. అయిందని సంతోషంగా రాయాల్సింది, ఏడుపు ముఖంతో రాస్తున్నాను.

చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఆకుపచ్చ రంగు వేశాం. వీధి వీధంతా వచ్చి చూసింది. తలుపు వేస్తే లారీ తలుపులా ధణ్ మంటుంది. మొన్న సరిగ్గా రెండు లీటర్లు పోసుకుని, నేనూ మరియదాసూ ఎక్కి, నీ దగ్గరికే వద్దామని బయల్దేరాం. కంకిపాడు దాటేసరికి ఇంజను రొప్పుతోంది. ఉయ్యూరు పొలిమేరల్లో పెట్రోలు అయిపోయింది. ముప్పై కిలోమీటర్లు కూడా రాలేదు, అదీ తారు రోడ్డు మీద! మీ గట్టు మీదైతే ఇరవై కూడా వచ్చేది కాదు.

తోసుకుంటూ పోతుంటే షుగర్ ఫ్యాక్టరీ ముందు చెరకు బళ్లు తూకానికి వరస కట్టి ఉన్నాయి. సీజను ఆఖరు. మేమూ ఆ వరసలో నిలబడ్డాం. బళ్లవాళ్లు “ఏం చెరకండీ ఇది, రసం బాగా ఉందా?” అని ఒకటే వేళాకోళం. కాటా గుమాస్తా దయతలిచి ఖాళీ బండిని తూచాడు. నాలుగు వందల ముప్పై కిలోలు! కాటా తప్పేమోనని పక్కన చెరకు బండిని రెండుసార్లు తూపించాను. కాటా సరిగ్గానే ఉంది. నా కాగితం మీద రెండు వందల తొంభై. ప్రతి గొట్టం కొలతా నేనే ఇచ్చాను, ప్రతి రేకూ నేనే కత్తిరించాను. నూట నలభై కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు అంతుపట్టడం లేదు.

కమిటీకి ఏమని చెబుతావో. నీ తల దించుకునేలా చేశాను.

నీ తమ్ముడు,
ఏసుపాదం

*

పాతలంక,
19 మే 1974

తమ్ముడూ,

మొన్న మీ షాపుకు వచ్చి రెండు రోజులున్నాను గాని, బస్సు వేళయి, మరియదాసు పక్కనే ఉండి, అడగాల్సింది అడక్కుండానే వచ్చేశాను. అది రాసేందుకే ఈ ఉత్తరం.

పసిపిల్లల్ని తూచే స్ప్రింగు కాటా సంచిలో వేసుకొస్తే నవ్వావు. ఊడదీసిన ప్రతి ముక్కనూ దానికి వేలాడదీస్తుంటే తెలిసిందా? ప్రతి జాయింటు కింద ఒక పట్టీ. తలుపు లోపల రెండో రేకు. మడ్‌గార్డుకు లారీ ఇనుము. ఎవరు వేశారని అడిగితే ఒక్కొక్కడూ తల గోక్కున్నాడు. మరియదాసు చెప్పిన మాట నేను మరిచిపోలేను. “లారీ ఓనర్లు కొసరు అడిగితే ఒక పట్టీ ఎక్కువ వేసిస్తాం కదమ్మా. అడగనివాళ్లకు వెయ్యం. మీరు అడగలేదు గాని మీ బండికి వెయ్యకపోతే మనసొప్పలేదు.” వాడు వేశాడని ఫిట్టరుకు తెలియదు, ఫిట్టరు వేశాడని పెయింటరుకు తెలియదు. పెయింటరు కూడా అడుగున ఒక రేకు పరిచాడు చూశావా, నా పాదాలకు వేడి తగలకూడదని! అందరి ప్రేమా కలిపి ఎనభై ఎనిమిది కిలోలు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మిగిలింది యాభై రెండు. అది డ్రైవరు సీటు కింద ఒక దళసరి ప్లేటు, చుట్టూ నాలుగు బండ ఇనప యాంగిళ్లు. సరిగ్గా నా అంత బరువు. అది ఎవరిదనీ అడిగాను. మరియదాసు నేలచూపులు చూశాడు. నువ్వు టీ తెస్తానని బయటికి వెళ్లిపోయావు.

నూట నలభై ఎక్కడిదో అంతుపట్టడం లేదని రాశావు. అబద్ధం రాయడం నీకు చేతకాదు, అందుకే అడుగుతున్నాను. ఎందుకు వేశావు?

నీ అక్క,
సంపూర్ణమ్మ

*

ఆటోనగర్,
27 మే 1974

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను.

బావ ఆమోసు నడిపిన ఆఖరి లారీకి కేబిన్ కట్టింది నేను. అది నీకు తెలుసు. నీకు తెలియంది చెబుతాను. ఓనరు వచ్చి “కేబిన్ బరువు తగ్గించవయ్యా, ఆ మేరకు రెండు బస్తాలు ఎక్కువ వేసుకుంటాను” అన్నాడు. నేను నిలువు దూలాలు ఆరు వెయ్యాల్సిన చోట నాలుగు వేశాను. యాంగిల్ సన్నది వాడాను. ఏడేళ్ల కిందట నిడుమోలు మలుపులో ఆ బండి తిరగబడితే కేబిన్ అప్పడంలా నలిగింది. బావను బయటికి తీసింది నేనే. నీకు కబురు చెప్పిందీ నేనే. చెప్పాల్సింది చెప్పకుండా మిగతాదంతా చెప్పాను. సమాధి దగ్గర నువ్వు నా భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే కూడా చెప్పలేదు.

ఆ రోజు నుంచి నా చేతిలోంచి ఏ బండీ తేలిగ్గా బయటికి వెళ్లలేదు. ఓనర్లు వద్దన్నా వేస్తాను. ఆటోనగర్‌లో “ఏసుపాదం బాడీ అంటే రాతికట్టడం” అని పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు చచ్చిపోయినట్టుంటుంది.

నువ్వు తేలిక బండి కావాలన్నావు. ప్రతి లెక్కా సంతోషంగానే కట్టాను. కాని నువ్వు కూర్చునే సీటును మాత్రం నాలుగుసార్లు బిగించి నాలుగుసార్లు విప్పాను. ఆదివారం ఎవరూ లేనప్పుడు వచ్చి ప్లేటు వెల్డు చేశాను. అది తీస్తే బండి నడుస్తుంది, నాకు తెలుసు. నేను తియ్యలేను, అక్కా. నిన్ను కూడా పోగొట్టుకునే ధైర్యం నాకు లేదు.

ఇకనుంచి నాకు ఉత్తరం రాయకపోయినా నిన్ను తప్పుపట్టను.

ఏసుపాదం

*

పాతలంక,
4 జూన్ 1974

తమ్ముడూ,

నాకు తెలుసు. ఆయనే చెప్పారు. “మీ తమ్ముడు కేబిన్ తేలిగ్గా కట్టాడు, వంతెనలు ఎక్కేటప్పుడు బండి హాయిగా పోతోంది” అని మురిసిపోయారు. తరవాత పోలీసు స్టేషను ఆవరణలో ఆ బండిని చూశాను. దూలాలు లెక్కపెట్టాను. నాలుగే ఉన్నాయి. నాకూ లెక్కలు వచ్చు కదా.

రెండేళ్లు నీ మీద కోపంతో కుమిలిపోయాను. రెండు క్రిస్మసులకు డ్యూటీ ఉందని రాశాను చూడు, డ్యూటీ లేదు. నీ ముఖం చూడలేక రాలేదు. తరవాత ఎప్పుడో ఆ కోపం అరిగిపోయింది. కేబిన్ గట్టిగా ఉంటే ఆయన బతికేవారా? ఏమో. బతికేవారేమో కూడా. నీ తప్పు లేదని రాసి నీకు నిద్రమందు ఇవ్వను. తప్పు చేశావు. ఏడేళ్లు దాన్ని ఒక్కడివే మోశావు. ఆ సంగతి నువ్వు నోరు తెరిచి చెప్పాలని ఎదురుచూశాను. చెప్పావు, చాలు.

ఇక నేను రోజూ చూసేదొకటి చెబుతాను, ఆలోచించు. పుట్టబోయే బిడ్డ తల ఎముకలు మెత్తగా ఉంటాయి, ఒకదానితో ఒకటి అతుక్కుని ఉండవు. ఇరుకు దారిలో ఒకదాని మీదికి ఒకటి జరిగి, తల సాగి, బయటికొస్తుంది. రెండు రోజుల్లో మళ్లీ గుండ్రంగా అయిపోతుంది. ఆ తల రాయిలా ఉంటే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. గట్టిదనం అంటే బరువే అని ఎవరు చెప్పారు నీకు? నా సీటు కింద ప్లేటు పెట్టావు. బండి తిరగబడితే దెబ్బ కింద తగులుతుందా, నెత్తిన తగులుతుందా? అది నన్ను కాపాడటానికి పెట్టింది కాదు, నీ భయాన్ని కప్పెట్టడానికి పెట్టింది.

రిక్షాలు రోజూ తిరగబడతాయి. ఎక్కినవాళ్లు ఎలా బతుకుతున్నారో వెంకటప్పయ్య గారిని అడుగు. ప్లేటు తియ్యి. తియ్యకపోతే నేను ఆ బండి ఎక్కను, నడుస్తాను.

నీ అక్క,
సంపూర్ణమ్మ

*

ఆటోనగర్,
30 జూన్ 1974

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. ఆ తరవాత ఆకలేసింది. ఏడేళ్లకు అన్నం రుచి తెలిసింది.

వెంకటప్పయ్య గారిని షాపుకు తీసుకొచ్చాను. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, “ప్లేటు ఎందుకండీ, మనిషి చుట్టూ గొట్టం వంచండి” అన్నాడు. మూకుడంత ఇసక గొట్టంలో నింపి, నిప్పుల మీద కాల్చి, ఎక్కడా నొక్కుపడకుండా విల్లులా వంచాడు. సీటు వెనక నుంచి నీ తల మీదుగా ఇటు నుంచి అటు దాకా ఒకే గొట్టం. ఏడు కిలోలు. నా ప్లేటూ యాంగిళ్లూ కలిపి యాభై రెండు!

అయినా నాకు నమ్మకం కుదరలేదు. అందుకని ఒక పని చేశాం. సీటులో నీ బరువుకు సరిపడా వడ్ల బస్తా పెట్టి, దాని మీద నీ ఎత్తుకు ఒక కుండ కట్టి, బండిని గట్టు మీద నుంచి పక్కకు తోసేశాం. రెండు పల్టీలు కొట్టింది. నేను కళ్లు మూసుకున్నాను. మరియదాసు అరిచాడు, “మేస్త్రీ, కుండ పగల్లేదు!” అని. గొట్టం నాలుగు వేళ్ల మేర వంగింది, అంతే. వంగి, దెబ్బను తాను తిన్నది. నువ్వు రాసిన బిడ్డ తల సంగతి అప్పుడు నాకు అర్థమైంది. రేకులు మళ్లీ సాపు చేశాం, గొట్టం కొత్తది వంచాం.

పట్టీలన్నీ ఊడదీశాం. ఊడదీస్తుంటే మరియదాసుకు మాత్రం ప్రాణం పోయినంత పనైంది. రైసుమిల్లు కాటా మీద రెండు వందల తొంభై ఏడు కిలోలు. తలుపు వేస్తే ఇప్పుడు తపేలా మూతలా మోగుతుంది, ఏమనుకోకు. లారీ మీద పంపిస్తున్నాను. డ్రైవింగు నీకు జీపుతో వచ్చినదే. ఒక్కటే జాగ్రత్త. గట్టు ఎక్కేటప్పుడు ఎర్ర బటను నొక్కు, ఇరవై లెక్కపెట్టేలోగా వదిలెయ్యి. దాటితే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది.

నేను వచ్చి నడపాలనుంది. రాను. నువ్వే నడుపు.

నీ తమ్ముడు,
ఏసుపాదం

*

పాతలంక,
26 జూలై 1974

తమ్ముడూ,

నిన్న గురువారం పరీక్ష జరిగింది. వరసగా చెబుతాను, మధ్యలో ఆఖరు వాక్యం చూడకు.

ట్యాంకు పూర్తిగా వంచేసి, సొలొమోను గారే మా మందుల కొలతగ్లాసుతో రెండు లీటర్లు పోశారు. నోటుబుక్కు పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నారు. తొంభై కిలోలకు తక్కువుండరు. “ఇది విరగదు కదమ్మా?” అన్నారు. పై గొట్టం పట్టుకోండి అన్నాను.

కాలువలకు నీళ్లు వదిలారు, రాత్రి వాన పడింది, గట్టంతా జిగురు. అయినా బండి నాటుపడవలా జారుతూ పోయింది. మొదటి పల్లె తూము దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు ఎర్ర బటను నొక్కాను. ఎవరో వెనక నుంచి భుజం పెట్టి తోసినట్టు తోసింది! పద్నాలుగు లెక్కపెట్టేసరికి పైన ఉన్నాం. సొలొమోను గారు కూడా నాతోపాటు పైకే లెక్కపెట్టారు. రెండో పల్లె, మూడో పల్లె, నాలుగో పల్లె. నాలుగు నెలల తరవాత కదా, పిల్లలు బండి వెంట పరుగులు. ఆయన ప్రతి చోటా కర్ర ముంచి పెట్రోలు చూసి రాసుకున్నారు. లెక్క బాగానే ఉంది.

చివరి పల్లెలో జక్కయ్య కోడలు హన్నా ఆ తెల్లవారుజామునే కని ఉంది. మాయ పడలేదు. పక్కంతా రక్తం. పందొమ్మిదేళ్ల పిల్ల, పెదవులు సున్నంలా ఉన్నాయి. నా దగ్గరున్న ఇంజెక్షన్ ఇచ్చాను గాని సెలైన్ డిస్పెన్సరీలో ఉంది. తొమ్మిది కిలోమీటర్లు. హన్నాను వెనక సీట్లో పడుకోబెట్టాలి, అత్తగారు బిడ్డను ఎత్తుకుని ముందు కూర్చోవాలి. సొలొమోను గారు ఇదంతా చూశారు. నేను ఏమీ అడగలేదు. ఆయనే నోటుబుక్కు జేబులో పెట్టుకుని దిగిపోయారు. “నా వల్ల ఆలస్యమవుతోంది, పదమ్మా” అన్నారు.

ఆ తొమ్మిది కిలోమీటర్లు ఎలా నడిపానో నాకు తెలియదు. పెద్ద తూము దగ్గర జారి బండి కాలువ వైపు ఒరిగింది. అత్తగారు కేక వేసింది. నాకు భయం వెయ్యలేదు, ఏసుపాదం. ఇది నీకోసం రాస్తున్న మాట కాదు. బండి ఒరిగి, కాస్త సాగినట్టయి, మళ్లీ నిలదొక్కుకుంది. జీపైతే ఆ బరువుకు గట్టు జారి కాలువలోకే పోయేవాళ్లం. బటను నొక్కి పద్దెనిమిది లెక్కపెట్టాను. హన్నా దారి పొడవునా నువ్వు వంచిన గొట్టాన్ని రెండు చేతులా పట్టుకునే ఉంది. దించేటప్పుడు వేళ్లు ఒక్కొక్కటే విడిపించాల్సి వచ్చింది.

సెలైన్ ఎక్కించాను. మాయ తీశాను. నాలుగున్నరకు నాడి చేతికి అందింది. బతికింది.

అప్పుడు పెట్రోలు గుర్తొచ్చింది. ట్యాంకులో మిగిలింది కొలతగ్లాసులో వంచి చూశాను. లీటరులో మూడో వంతు ఉంది! గ్లాసు అలాగే కిటికీలో పెట్టి ఆయన కోసం చూశాను.

ఆరు గంటలకు వచ్చారు. పంచె మోకాళ్ల దాకా బురద, చెప్పులు చేతిలో ఉన్నాయి. గ్లాసు చూపించాను. ఆయన కుర్చీలో కూలబడి, “సంపూర్ణమ్మా, రూలు ప్రకారం ఈ పరీక్ష చెల్లదు. చివరి తొమ్మిది కిలోమీటర్లు నేను బండిలో లేను. నువ్వు మధ్యలో పెట్రోలు పోసుకోలేదని నేనెలా రాస్తాను?” అన్నారు. ఆ గ్లాసు తీసి నేలకేసి కొట్టాలనిపించింది. ఆయన మంచినీళ్లు అడిగారు. తాగారు. వార్డులోకి వెళ్లి హన్నా మంచం దగ్గర చాలాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చి నా బల్ల మీదే కూర్చుని కమిటీకి రిపోర్టు రాసి, నా చేతికిచ్చి చదవమన్నారు. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

“పెట్రోలు రెండు లీటర్లు సరిపోయినదీ లేనిదీ నేను పూర్తిగా చూడలేదు కనుక దానిపై ఏమీ రాయను. చివరి పల్లె నుంచి డిస్పెన్సరీకి నేను కాలినడకన వచ్చాను. మూడు గంటలు పట్టినది. నాకు ఏ జబ్బూ లేదు. నాతోపాటు ఈ రోజు హన్నా అనే అమ్మాయి బయల్దేరి ఉంటే, నేను చేరేసరికి ఆమె ప్రాణంతో ఉండేది కాదు. బండి ప్రతి గురువారం తిరగవలెను. రెండు లీటర్లు చాలకపోతే మిగతాది నా పింఛనులోంచి పోయండి.”

కింద సంతకం పెట్టి, చెప్పులు చేతిలోనే పట్టుకుని ఇంటికి వెళ్లారు.

వచ్చే గురువారం పొద్దున్నే బయల్దేరుతున్నాను. నువ్వు ముందు రోజే వచ్చి నా పక్కన కూర్చో.

నీ అక్క,
సంపూర్ణమ్మ